ఆశీస్సులు కింద, భోజనాలు పైన

‘పెద్దలు తప్పక విచ్చేసి వధూవరులను ఆశీర్వదించాలి’ అని శుభలేఖలో బంగారు అక్షరాలతో వేయిస్తారు. ఆశీర్వదించమన్నారే గానీ భోంచేసి వెళ్లమనలేదు, గమనించండి. ఈ కిటుకు నెల్లూరు మినీబైపాస్ వైపు కల్యాణ మండపాలకు బాగా తెలుసు. పెళ్లి కింద, భోజనాలు పై అంతస్తులో. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడికి ఆడపిల్లల తండ్రులంతా రుణపడి ఉన్నారు. డెబ్బై దాటినవాళ్ల విస్తళ్లన్నీ మిగులే కదా.

లిఫ్టు లేదా అంటారేమో. ఎందుకు లేదు? అందులో సాంబారు వెళ్తుంది. వెనకవైపు నున్నటి ర్యాంపు కూడా ఉంది, గ్యాస్ సిలిండర్లు దొర్లించడానికి. వాటికి మోకాళ్ల నొప్పులు రాకూడదని యాజమాన్యం పట్టింపు.

మొన్న శ్రావణంలో ఒక పెళ్లికి కావలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పెళ్లికూతురికి తాత వరస. రైల్లో పూర్తి చార్జీ పెట్టుకునే వచ్చాడు. అరవై దాటిన మగవాళ్లకిచ్చే 40 శాతం రాయితీని 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం ఇంకా క్వారంటైన్‌లోనే ఉంది. ఆయన్ని గౌరవంగా డీజే బాక్సు పక్కనే కూర్చోబెట్టారు. “బాగుండారా తాతా?” అని ఎవరో అడిగితే, “తొమ్మిదింటికి” అన్నాడు.

భోజనాల వేళ మెట్ల దగ్గర ఆగి, పైకి చూసి, “నాకు ఆకలిగా లేదు నాయనా” అన్నాడు. పెళ్లికూతురి బాబాయికి పౌరుషం వచ్చింది. “యేంది తాతా, మేముండాం గదా!” ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. నలుగురు కుర్రాళ్లు తలా ఒక కాలు పట్టారు. పెద్దాయన వెనక్కి వాలి సీలింగు ఫ్యాన్లు లెక్కపెడుతున్నాడు. దిగేవాళ్లు కిళ్లీ బుగ్గన పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు, ఒకావిడైతే అలవాటుగా దండం కూడా పెట్టేసింది. మలుపులో కుర్చీ పట్టలేదు. అడ్డంగా తిప్పారు. “అన్నా, అక్కడే ఆపండి, లైటింగ్ బాగుంది” అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆపారు! కుర్చీ కాలు వంగుతోంది. “ఈ నలుగురి పని ఇప్పుడే చేయించేసుకుంటే, రేపు ఎవర్ని పిలవాలి నాయనా?” అన్నాడాయన. డీజే హోరులో పక్కనున్న నాకే వినపడింది.

పైకి చేరేసరికి బంతి లేచింది. మలైకాజా అయిపోయింది.

ఆయన ఇక ఏ పెళ్లికీ రాడు. “పాపం, వయసైపోయింది, ఓపిక లేదు” అంటాం మనం. ఓపిక లేనిది ఆయనకా, మనకా? ఆ వయసులో చుట్టాల మొహాలు చూసేది పెళ్లిళ్లలోనే కదయ్యా! ఒంటరితనం వల్ల ప్రపంచంలో గంటకు సుమారు 100 మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క చెప్పింది. జనం వాడే భవనం ప్రైవేటుదైనా సరే, అందరూ వెళ్లగలిగేలా లేకపోతే ప్లానుకు అనుమతే ఇవ్వకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంటోంది. మరి ఈ ప్లాను మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టిందెవరు? లక్షలు అద్దె తీసుకుని, ముసలాయన్ని సామానులా మోయించడానికి సిగ్గుండొద్దా?

ఇదే సంగతి హాలు యజమానిని అడిగాను. చాలా మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇప్పించాడు. “మనుషుల లిఫ్టు కచ్చితంగా పెట్టిస్తాం సార్. ముందు ఇంకో అంతస్తు లేపనీండి, డైనింగు అక్కడికి మారుస్తున్నాం.”