బస్టర్ కీటన్ సినిమాలు ఎవరి పుణ్యమా అని బతికాయి?

1950ల తొలినాళ్లలో బ్రిటిష్ నటుడు జేమ్స్ మేసన్‌కు బెవర్లీ హిల్స్‌లో తాను కొనుక్కున్న పాత బంగళాలో కొన్ని ఫిల్ము డబ్బాలు దొరికాయి. ఆ బంగళా మూకీల కాలంలో హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ కట్టించుకున్నది. విడాకులు, తాగుడు, స్టూడియోతో గొడవలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడి ఆయన ఆ ఇంటిని వదులుకోవలసి వచ్చినప్పుడు, ఆయన సినిమాల ప్రింట్లు కూడా అక్కడే ఉండిపోయాయి. అవన్నీ నైట్రేట్ ఫిల్ము మీద ఉన్నవి. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే పదార్థమది. తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారి, చివరికి పొడిగా రాలిపోతుంది. మేసన్ వాటిని పారేయలేదు. లాస్ ఏంజెలిస్‌లో కరొనెట్ అనే చిన్న థియేటర్ నడుపుతూ పాత సినిమాలు సేకరించే రేమండ్ రోహావర్‌కు 1954లో కీటన్‌తో పరిచయం కావడంతో, పాడవుతున్న రీళ్లను త్వరగా చెడని సేఫ్టీ ఫిల్ము మీదికి ఎక్కించే పని మొదలైంది.

గొప్ప కళ కాలపరీక్షకు తట్టుకుని తనంతట తానే నిలుస్తుందని తరచూ అంటుంటాం. కీటన్ విషయంలో ఆ మాట చెల్లదు. ఆయన సినిమాలు నిలవలేదు, వాటిని నిలబెట్టారు. నిలబెట్టినవాళ్లలో స్టూడియోల కంటే, ప్రభుత్వాల కంటే, జీతం బత్తెం ఆశించకుండా పనిచేసిన అభిమానుల వంతే ఎక్కువని నా అభిప్రాయం. ఒక నటుడి వారసత్వం అంటే ఆయన పేరు తలుచుకోవడం, పుట్టినరోజు జరపడం మాత్రమే కాదు. చూడటానికి బొమ్మ ఉండాలి, ఆ బొమ్మ గురించి చెప్పే మాట నిజమై ఉండాలి. ఈ రెండింటికీ కష్టపడేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప పేరైనా రెండు తరాల్లో చెరిగిపోతుంది.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం చూస్తే ఈ సంగతి ఎంత తీవ్రమైనదో అర్థమవుతుంది. 1912–29 మధ్య ఆ దేశంలో విడుదలైన దాదాపు 11 వేల మూకీ ఫీచర్ చిత్రాల్లో తొలి విడుదల నాటి 35 ఎంఎం రూపంలో మిగిలినవి 14 శాతమే. టాకీలు రాగానే మూకీలకు వ్యాపార విలువ పోయిందని స్టూడియోలు అనుకున్నాయి. గోదాముల్లో కాలిపోయినవి కొన్ని, చోటు చాలదని తగలబెట్టినవి కొన్ని, ఫిల్ములోని వెండి కోసం కరిగించినవి మరికొన్ని. అలాంటి కాలంలో ఒక హాస్యనటుడు సొంతంగా తీసిన లఘుచిత్రాలు, ఫీచర్లు దాదాపుగా అన్నీ ఈనాడు చూడటానికి దొరకడం మామూలు విషయం కాదు.

కీటన్ 1895 అక్టోబరు 4న కాన్సాస్ రాష్ట్రంలోని పీక్వా అనే పల్లెలో, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే దంపతులకు పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులతో కలిసి వేదిక ఎక్కారు. 1917లో హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ ఆయనను సినిమాల్లోకి తీసుకొచ్చారు. 1920 నుంచి 1928 వరకూ సొంత స్టూడియోలో 19 లఘుచిత్రాలు, 10 ఫీచర్ చిత్రాలు తీశారు. 1928లో ఎంజీఎం అనే పెద్ద స్టూడియో సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం ఆయన స్వేచ్ఛను హరించింది. 1933లో ఆ సంస్థే ఆయనను తొలగించింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే చోట ఇతరుల సినిమాలకు హాస్య సన్నివేశాలు సమకూర్చే ఉద్యోగంలో చేరారు.

ఇన్ని తరాల మనుషులు ఎందుకు ఆయన వెంట పడ్డారో తెలియాలంటే 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928) లోని తుపాను సన్నివేశం ఒక్కటి చూస్తే చాలు. వీధిలో నిలబడ్డ కీటన్ వెనుక రెండంతస్తుల ఇంటి ముందు గోడ మొత్తం విడిపోయి ముందుకు కూలుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి వచ్చి దిగుతుంది. భుజాలకు ఇటూ అటూ కొన్ని అంగుళాల సందు మాత్రమే. అందులో ట్రిక్ ఫొటోగ్రఫీ లేదు. గోడ నిజమైనది, బరువు నిజమైనది, మేకు కొట్టిన గుర్తు మీద కదలకుండా నిలబడ్డ మనిషి నిజం. గోడ పడ్డాక ఆయన ముఖంలో పెద్ద మార్పేమీ ఉండదు. చుట్టూ చూసి, ఏం జరిగిందో అర్థమయ్యాక పరుగు లంకించుకుంటారు. ప్రాణం పణంగా పెట్టి చేసిన పనిని అంత తేలికగా, చప్పట్లు అడగకుండా చూపించిన నటులు వెండితెర మీద చాలా అరుదు.

1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ 'లైఫ్' పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన పెద్ద వ్యాసం కీటన్ మీద మళ్లీ ఆసక్తి పుట్టించింది. 1960లో గౌరవ ఆస్కార్ వచ్చింది. 1965లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకు, 1966 ఫిబ్రవరి 1న, ఆయన కన్నుమూశారు. బతికుండగా ఆ ఆదరణ దక్కడానికి కారణం కూడా ఆ పదేళ్లలో ప్రింట్లు మళ్లీ తెర మీదికి రావడమే.

అభిమానుల సంఘటిత కృషి ఆ తర్వాతి కథ. 1992లో కీటన్ పుట్టినరోజున 'ఇంటర్నేషనల్ బస్టర్ కీటన్ సొసైటీ' ఏర్పడింది. సభ్యులు తమను తాము 'డామ్‌ఫైనోలు' అని పిలుచుకుంటారు. 'ది బోట్' (1921) లో కీటన్ సొంతంగా కట్టిన పడవ పేరది. ఆ పడవ ప్రారంభోత్సవం నాడు, మీద నిటారుగా నిలబడ్డ యజమానితో సహా, జారుడు బల్ల మీదినుంచి నేరుగా నీళ్లలో మునిగిపోతుంది. ఏటా అక్టోబరు మొదట్లో సభ్యులు మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో కలుస్తారు. హాలీవుడ్‌ను కాదని ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణముంది. వేసవిలో నాటకశాలలు మూతపడే రోజుల్లో కీటన్ కుటుంబం అక్కడి సరస్సు ఒడ్డున, తోటి కళాకారులతో కలిసి ఉండేది. ఊరూరూ తిరిగిన ఆ పిల్లవాడికి సొంత ఊరు లాంటిది అదొక్కటే. అక్కడి పాత ఫ్రాయెంథాల్ థియేటర్‌లో ఆర్గాన్ వాద్యంతో ఆయన సినిమాలు వేస్తారు, కొత్తగా దొరికిన ఆధారాల మీద పత్రాలు చదువుతారు. కాన్సాస్‌లో, ఆయన పుట్టిన పీక్వాకు దగ్గర్లోని అయోలా పట్టణం కూడా 1990ల నుంచి ఏళ్ల తరబడి కీటన్ ఉత్సవం జరిపింది. పీక్వాలో గ్రామీణ నీటి సరఫరా కార్యాలయంలోనే ఒక చిన్న మ్యూజియం పెట్టారు. 1998లో మరణించే వరకూ కీటన్ భార్య ఎలెనార్ ఈ అభిమానులకు తన జ్ఞాపకాలను, సమయాన్ని ధారాళంగా ఇచ్చారు.

ఈ అభిమానం ఎంత నిశితంగా ఉంటుందో చెప్పడానికి జాన్ బెంగ్ట్‌సన్ కృషి మంచి ఉదాహరణ. వృత్తిరీత్యా ఆయన న్యాయవాది. కీటన్ సినిమాల్లో వెనుక కనిపించే భవనం మూల, దుకాణం బోర్డు, రైలు పట్టా వంపు పట్టుకుని, వాటిని ఆనాటి ఫొటోలతో, బీమా కంపెనీలు గీయించిన వీధి పటాలతో పోల్చి, ఏ దృశ్యం ఎక్కడ తీశారో తేల్చారు. 2000లో దాన్ని పుస్తకంగా వెలువరించారు. 'కాప్స్' (1922) లో కీటన్, పక్కనుంచి వెళ్తున్న కారును ఒంటిచేత్తో పట్టుకుని తెర నుంచి మాయమయ్యే దృశ్యం హాలీవుడ్‌లో కహెంగా రోడ్డు పక్కనున్న ఒక మామూలు సందులో తీశారు. అదే సందులో చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ కూడా తమ ప్రసిద్ధ చిత్రాల్లోని దృశ్యాలు తీశారని బెంగ్ట్‌సన్ చూపించారు. చెత్త డబ్బాలు తప్ప మరేమీ కనిపించని ఆ సందుకు ఇప్పుడు ఆ ముగ్గురి పేరుతో బోర్డు ఉంది. కీటన్ స్టూడియో ఉన్న స్థలంలోనూ ఇలాంటి దిద్దుబాటే జరిగింది. గతంలో స్మారక ఫలకం తప్పు మూలలో పెట్టారని గుర్తించి, అభిమానులు చందాలు వేసుకుని సరైన చోట కొత్తది ప్రతిష్ఠించారు. బయటివాళ్లకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇదే అసలైన గౌరవం అనిపిస్తుంది. ఒక కళాకారుడు ఎక్కడ నిలబడి పనిచేశాడో కచ్చితంగా తెలుసుకోవాలనే పట్టుదల ఆ పని విలువ తెలిసినవాళ్లకే ఉంటుంది.

రీళ్ల వేట ఇంకా ముగియలేదు. 2013లో అర్జెంటీనాకు చెందిన సేకర్త, సినీ చరిత్రకారుడు ఫెర్నాండో మార్టిన్ పెన్యా, తన సహచరుడు ఫాబియో మానెస్‌తో కలిసి 'ది బ్లాక్‌స్మిత్' (1922) చిత్రానికి మరో కూర్పు ఉందని కనుగొన్నారు. అప్పటిదాకా అందరూ చూసిన ప్రతిలో లేని సన్నివేశాలు అందులో ఉన్నాయి. తొంభై ఏళ్లుగా తెలిసిందనుకున్న చిత్రమే, తీరా చూస్తే తెలియనిదని తేలింది! 'హార్డ్ లక్' (1921) దాదాపు 60 ఏళ్లపాటు ఎవరికీ దొరకలేదు. ముక్కలు కూర్చి 1987లో పునర్నిర్మించారు, పోయిందనుకున్న ముగింపు దృశ్యం మరికొన్నేళ్లకు బయటపడింది. కీటన్ మీద 1987లో డేవిడ్ గిల్‌తో కలిసి మూడు భాగాల డాక్యుమెంటరీ తీసిన కెవిన్ బ్రౌన్లో కూడా బడి వయసులో 9.5 ఎంఎం ఫిల్ములు సేకరించే పిల్లవాడిగానే మొదలయ్యారు. ఇళ్లలో చూసుకోవడానికి తయారైన ఆ సన్నటి ఫిల్ముకు రంధ్రాలు అంచుల్లో కాకుండా బొమ్మకూ బొమ్మకూ మధ్యన ఉంటాయి. పెద్ద స్టూడియోలు పోగొట్టుకున్న చిత్రాల ముక్కలు అలాంటి ఇంటి ప్రతుల్లో మిగిలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అయితే అభిమానులంతా ఒకే తీరుగా లేరు. రోహావర్ లేకపోతే కీటన్ సినిమాలు ఎన్ని మిగిలేవో చెప్పలేం. ఆ మేలు మరువరానిది. కానీ అదే రోహావర్ ప్రదర్శన హక్కులు తనవేనంటూ ఏళ్ల తరబడి కోర్టులకెక్కారు. ఆర్కైవులు, ఫిల్మ్ సొసైటీలు ఒక సినిమా వేయాలంటే ఆయన నోటీసులకు జంకవలసి వచ్చేది. కాపాడినవాడే కాపలాదారై తలుపు మూయడం అభిమానంలోని పెద్ద ప్రమాదం. ఆయన సినిమాల సేకరణ చేతులు మారి, 2015 నుంచి ఇటలీలోని బొలోన్యా ఫిల్మ్ ఆర్కైవు వివిధ దేశాల ప్రింట్లు తెప్పించి పోల్చి ఒక్కో చిత్రాన్నీ పునరుద్ధరించడం మొదలుపెట్టాకే కీటన్ చిత్రాలు నాణ్యమైన రూపంలో విస్తృతంగా అందుబాటులోకి వచ్చాయి. సేకర్తలు దాచినవాటిని పదుగురికీ పంచినప్పుడే ఆ సేకరణకు సార్థకత.

రెండో ప్రమాదం కథలకు సంబంధించినది. కీటన్‌ను దగాపడ్డ విషాద నాయకుడిగా చూపించడం చాలామందికి ఇష్టం. 1957లో ఆయన జీవితం పేరుతో వచ్చిన హాలీవుడ్ చిత్రంలో నిజం కంటే కల్పనే ఎక్కువ. వాస్తవానికి ఆయన 1940లో ఎలెనార్‌ను పెళ్లి చేసుకున్నాక నిలదొక్కుకున్నారు, టెలివిజన్‌లో, ప్రకటనల్లో, రంగస్థలం మీద చివరిదాకా పనిచేశారు, ఆ 1957 చిత్రం తాలూకు డబ్బుతోనే ఇల్లు కొనుక్కున్నారు. పసివాడిగా మెట్ల మీదినుంచి పడినప్పుడు ఇంద్రజాలికుడు హూడినీ 'బస్టర్' అని పేరు పెట్టాడన్న కథ కీటనే చెప్పుకున్నది. ఆనాటి పత్రికలు తిరగేసిన పరిశోధకులు దాన్ని కూడా ప్రశ్నించారు. తమ ఆరాధ్యుడి నోటి మాటను సైతం సరిచూసే ఓపిక ఆ సొసైటీలో కనిపిస్తుంది. అభిమానానికి అది ఎంత మాత్రం లోటు కాదని నేను నమ్ముతాను.

తెలుగు సినిమా చరిత్ర చదివేవారికి ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు రాసుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు గాలించి అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చేదాకా ఆ తప్పు అలాగే చెలామణీ అయింది. తేదీని దిద్దుకోగలిగాం, సినిమాను మాత్రం తెచ్చుకోలేకపోయాం. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా అంతే. ఒక కటౌట్‌కు అయ్యే ఖర్చులో ఆ రోజుల్లో ఎన్ని డబ్బాలు భద్రపరచవచ్చో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది.

కీటన్ అభిమానుల ముందు ఇప్పుడున్న పని వేరు. 1928 నాటి చిత్రాలకు అమెరికాలో కాపీరైటు గడువు 2024 జనవరి 1తో ముగిసింది. అంటే ఆయన సొంత స్టూడియోలో తీసినవన్నీ ఇప్పుడు అందరి సొత్తు. దాంతో ఇంటర్నెట్ నిండా అరిగిపోయిన ప్రతులు, తప్పుడు వేగంతో నడిచే ప్రతులు, సంబంధం లేని సంగీతం తగిలించిన ప్రతులు చేరాయి. గోడ కూలే దృశ్యాన్ని పది సెకన్ల ముక్కగా చూసినవాళ్లు కోట్లలో ఉండవచ్చు. దాని ముందూ వెనుకా ఉన్న సినిమా చూసినవాళ్లు అందులో ఎంతమంది? మంచి ప్రతి ఏదో చెప్పడం, పూర్తి చిత్రాన్ని హాల్లో పదిమంది మధ్య వేయించడం ఇప్పటి అభిమానుల బాధ్యత. మన దేశ చట్టం ప్రకారం సినిమాకు కాపీరైటు విడుదల తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లే కాబట్టి, ఇక్కడ ఆ మూకీలు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. కొత్తగా చేర్చిన సంగీతానికి హక్కులు వేరే ఉంటాయి గనుక, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఫిల్మ్ క్లబ్ మంచి ప్రతి సంపాదించి, స్థానిక హార్మోనియం, తబలా కళాకారులను కూర్చోబెట్టుకుని కీటన్ సినిమా 'ది జనరల్' వేయాలనుకుంటే కాపీరైటు పరంగా అడ్డేమీ ఉండదు.