యమాలు యజమానికి వర్తించవా?

మాదాపూర్‌లో పనిచేసే మా స్నేహితుడి ఆఫీసులో మంగళవారం పొద్దున ఏడున్నరకు యోగా క్లాసు. ముందు రోజు రాత్రి పదకొండున్నర దాకా అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. "రాత్రి టెన్షన్ పెట్టేదీ కంపెనీ వాళ్లే, పొద్దున తీసేదీ వాళ్లే" అని నవ్వుతాడు. ఆ గంట పని గంటల్లోకి రాదు. హాజరు మాత్రం వేసుకుంటారు.

యోగా పనికిరాదని నేననడం లేదు. నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతుంటే గుండె దడ తగ్గడం, నిద్ర పట్టడం నాకూ అనుభవమే. పరీక్ష ముందో, ఇంట్లో చావు తర్వాతో ఆ పది నిమిషాలు మనిషిని నిలబెడతాయి. కానీ ఒత్తిడి పుట్టించేది ఒకరు, ప్రాణాయామం చేయాల్సింది ఇంకొకరు. నా పేచీ అక్కడే.

2025 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, విశాఖలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు, ప్రధాని, 3 లక్షల మంది, గిన్నిస్ రికార్డు. దానికి ముందు నెల రోజుల యోగా ప్రచారం నడుస్తుండగానే రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఏపీ మంత్రివర్గం ఒప్పుకుంది. ఇది అంతగా గుర్తుండకపోవచ్చు. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు దారి తెరిచింది. వారానికి 48 గంటలు దాటకూడదన్న షరతు ఉందిగా అంటారు. ఆ 48 ఎవరు లెక్కపెడుతున్నారో మాదాపూర్‌లో ఎవరినైనా అడగండి.

బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాచారాన్ని ఒక ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు పరిశీలించి 2024లో ప్రచురించాడు. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, రిలాక్సేషన్ శిక్షణ, ఆరోగ్య యాప్‌ల వంటివి వాడుకున్నవాళ్ల పరిస్థితి వాడుకోనివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేదని తేలింది. పని తీరు మారకపోతే మనిషి ఎంతకని మారతాడు?

అసలు యోగసూత్రాలు రాసిన పతంజలినే అడుగుదాం. ఆయన చెప్పిన ఎనిమిది మెట్లలో, అంటే అష్టాంగాల్లో, ఆసనం మూడోది, ధ్యానం ఏడోది. ఆసనం గురించి ఆయన చెప్పింది మూడంటే మూడు సూత్రాలు. మొదటి మెట్టు యమం: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. అస్తేయమంటే దొంగిలించకపోవడం. జీతం ఇవ్వని రెండు గంటలు రోజూ లాక్కోవడాన్ని ఏమనాలి? అపరిగ్రహమంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం. ఐదుగురి పని ముగ్గురి నెత్తిన వేసి, మిగిలిన ఇద్దరి జీతం లాభంలో చూపించడం ఏ లెక్కలోకి వస్తుంది? ఇక సత్యం సంగతి అప్రైజల్ మీటింగుల్లో కూర్చున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ ఐదూ పాటిస్తామని ఏ హెచ్‌ఆర్ విభాగమూ మెయిల్ పెట్టదు. యమం, నియమం అనే మొదటి రెండు మెట్లూ ఎగ్గొట్టి తిన్నగా చాప మీదికి దూకితే అది యోగా కాదు, ఒళ్లు విరుచుకోవడం.

మన దేశంలో కార్మికుల ఒత్తిడి నిజంగా తగ్గించిన పని ఒకటుంది. 1946లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా అంబేద్కర్ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ బిల్లు తెచ్చారు. దాంతో వారానికి 54 గంటల పరిమితి 48కి దిగింది. ఆరు గంటలు! పిల్లలతో గడపడానికి, నిద్రకు, ఏమీ చేయకుండా అరుగు మీద కూర్చోవడానికి. అలా ఊరికే కూర్చోవడం కూడా ధ్యానమే, దానికి ట్రైనర్ అక్కర్లేదు. 80 ఏళ్ల తర్వాత మనం గడియారాన్ని వెనక్కి తిప్పుతూ, ఆ తిప్పుడుకు తట్టుకోవడం ఎలాగో నేర్పిస్తున్నాం. 70 గంటలు చేయాలని ఒకరు, 90 చేయాలని ఇంకొకరు చెప్పే పెద్దలకు మాత్రం ఏ గురువూ అపరిగ్రహం బోధించడు.

వచ్చే మంగళవారం క్లాసు పేరు 'ఆఫీసు ఒత్తిడిని జయించడం' అట. మా వాడు వస్తానని బటన్ నొక్కాడు. సోమవారం రాత్రి కాల్‌ని గంట ముందే పెట్టమని కూడా అడిగాడు. దానికింకా జవాబు రాలేదు.