జీరో టికెట్టు చెప్పే లెక్క

పొద్దున్నే పల్లెవెలుగు బస్సు దిగి, ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని హనుమకొండ చౌరస్తా వైపు నడిచే మహిళ వెంట ఒక్క పూట తిరిగితే చాలు, నగర ప్రణాళికలో ఏం లోపించిందో తెలుస్తుంది. కట్టలు అమ్ముకున్నాక ఎంజీఎం ఆసుపత్రిలో అత్తకు మందులు తీసుకోవాలి. అక్కడి నుంచి కిరాణా కొట్టు. పిల్లవాడి బడి వదిలే వేళకు ఊరు చేరాలి. ఇన్ని మజిలీల మధ్య ఆమె నీళ్ల సీసా మూత తీయదు. తాగితే ఎక్కడికి వెళ్లాలన్నదే బెంగ.

2041 నాటి వరంగల్‌ను ఊహిస్తూ రూపొందిన మాస్టర్ ప్లాన్ చూసేవారి దృష్టి ముందుగా రింగు రోడ్ల మీదికే పోతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు బండి మీద వెళ్లివచ్చే మనిషికి అవి సరిపోతాయి. గంప మోసే మనిషికి కావలసింది వేరు: ఎక్కి దిగకుండా సాగే కాలిబాట, బస్టాపు దగ్గర దీపం, తలుపుకు గడియ పడే మరుగుదొడ్డి.

ఆమె ఎటు వెళుతుందో తెలియదని అధికారులు ఇక అనలేరు. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి కండక్టరు కొట్టే ప్రతి జీరో టికెట్టు మీద ఎక్కిన చోటు, దిగే చోటు నమోదవుతున్నాయి. ఉచిత ప్రయాణం మీద ఛలోక్తులు విసిరేవారికి తట్టలేదు గానీ, ఆడవారి రాకపోకల మీద ఇంతటి లెక్క మన రాష్ట్రంలో గతంలో ఏ ప్రభుత్వం చేతిలోనూ లేదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఆ లెక్కను ఆర్టీసీ నుంచి గంటలవారీగా, స్టాపులవారీగా తెప్పించుకోవాలి. వీధిదీపాలు, మరుగుదొడ్లు, తోపుడు బండ్ల స్థలాలు ఎక్కడెక్కడ కావాలో దాన్ని బట్టి తేల్చాలి.

ప్రాజెక్టుల కోసం భూమి తీసుకునే చోట మహిళల పరిస్థితి ఇంకా కఠినం. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన మహిళలను 2013 భూసేకరణ చట్టం వేరు కుటుంబాలుగా గుర్తించింది. సెంటు భూమి లేకపోయినా, మూడేళ్లుగా ఆ పొలాల్లో కూలి చేసుకునేవారిని బాధితులుగానే లెక్కించింది. వీరందరినీ గుర్తించడానికి, భూమి పోతే ఎవరి బతుకు ఎలా దెబ్బతింటుందో ముందే లెక్కగట్టే సామాజిక ప్రభావ అంచనాయే దారి. పత్తి చేలో కలుపు తీసే మహిళ పేరు ఏ పాసుపుస్తకంలోనూ ఉండదు కదా! పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులకు ఈ అంచనా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చంటూ 2017లో వచ్చిన రాష్ట్ర సవరణ ఆ దారినే ఇరుకు చేసింది. అయితే మినహాయించవచ్చని అన్నారే గానీ, అంచనా వేయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. విమానాశ్రయం తలపెట్టిన మామునూరు అయినా, టెక్స్‌టైల్ పార్కు ఉన్న గీసుగొండ అయినా, ఇకపై సేకరించే ప్రతి ఎకరాకూ అంచనా జరిపించాలన్నది మా డిమాండు.

అభిప్రాయ సేకరణ సభలు పెట్టే వేళ కూడా మారాలి. పగలు పదకొండు గంటలకు సభ పెడితే వచ్చేది పట్టాదారులే. ఆ వేళకు కూలి మహిళలు చేలలో ఉంటారు. వారు పని ముగించుకుని, ఇంటి పొయ్యి ఆర్పాక, రాత్రి ఏడున్నరకు వాడలోనే కుర్చీలు వేయించడానికి అధికారులకు అడ్డేమిటి?