నాయకత్వం పుట్టుకతోనే వస్తుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కి నా జవాబు

నెల రోజులుగా ఒక మెసేజ్ మా లెక్చరర్ల గ్రూపుల్లో, తల్లిదండ్రుల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. సారాంశం ఇది. నాయకులు పుడతారే తప్ప తయారు కారు. స్టేజీ మీద గడగడా ఇంగ్లీష్ మాట్లాడేవాడే లీడర్. రెండు రోజుల లీడర్‌షిప్ వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉంటే రెజ్యూమెకి చాలు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపులు, విద్యార్థి ఎన్నికలు చదువు చెడగొడతాయి. మిగతాది ఉద్యోగంలో చేరాక కంపెనీ నేర్పుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను. ఆ మెసేజ్ చదివి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే తల్లిదండ్రులు నాకు తెలుసు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి మాట, నాయకులు పుడతారని. నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒక ఏడాది స్పెషల్ క్యాంపుకి యాభై మందిని తీసుకుని ఒక పల్లెకి వెళ్లాం. ఏడు రోజులు బడిలోనే మకాం. భోజనాల బాధ్యత సెకండియర్ అమ్మాయికి అప్పగించాను. క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. కిలో బియ్యం ఎనిమిది మందికి వస్తుందని ఇంటి లెక్క వేసుకుంది. పొద్దున్నుంచి పలుగు, పార పట్టి కాలవ పూడిక తీసిన పిల్లలకి ఆ అన్నం ఏ మూలకీ రాలేదు. మూడో పంక్తికి గిన్నె అడుగంటింది. మళ్లీ ఎసరు పెట్టి అన్నం వండేసరికి ముప్పావు గంట పట్టింది. పద్నాలుగు మంది ఖాళీ పళ్లేలతో అరుగు మీద కూర్చున్నారు. ఆ ముప్పావు గంటా ఆ అమ్మాయి లోపలికి వెళ్లి దాక్కోలేదు. వాళ్ల ముందే నిలబడి, "లెక్క తప్పింది నాదే, ఇంకాసేపట్లో అయిపోతుంది" అంది. గొంతు వణుకుతూనే ఉంది.

ఆ రాత్రి వంటావిడ పక్కన కూర్చుని ఒక నోట్‌బుక్‌లో కొత్త లెక్క రాసుకుంది. కిలోకి అయిదుగురు. మర్నాడు ఇంకో చిక్కొచ్చింది. పెద్ద గిన్నెలు తోమడానికి మగపిల్లలు రాలేదు, అది ఆడపిల్లల పనన్నారు. తను నాతో ఫిర్యాదు చేయలేదు. డ్యూటీ చార్టు రాసి గోడకి అంటించింది. గిన్నెల వరసలో మొదటి పేరు తనది, రెండో పేరు బాగా గొడవ చేసే కుర్రాడిది. నాలుగో రోజుకి ఆ కుర్రాడే మిగతావాళ్లని పిలుచుకొచ్చాడు.

ఆ పిల్ల నాయకురాలిగా పుట్టి ఉంటే మొదటి ఏడాదంతా మాకెవరికీ ఎందుకు కనిపించలేదు? తను తప్పు చేస్తే ఇంకొకరు పస్తుండే పని చేతికొచ్చింది, దాన్ని దిద్దుకునే అవకాశమూ దొరికింది. ఒక్కొక్కరికి చొరవ సహజంగా ఎక్కువ ఉంటుంది, కాదనను. కానీ ఆ చొరవ ఉన్నవాళ్లకే ప్రతిసారీ మైకు, ప్రతిసారీ బాధ్యత ఇచ్చి, మిగతావాళ్లకి పుట్టుకతో రాలేదనడం అన్యాయం.

ఇక మాటకారితనం సంగతి. 1888లో బారిస్టర్ చదువుకి లండన్ వెళ్లిన గాంధీ అక్కడి శాకాహార సంఘం కమిటీలో సభ్యుడు. సమావేశాల్లో నోరు విప్పలేకపోయేవారు. ఇండియాకి తిరిగొచ్చాక బొంబాయిలో మొదటి కేసులో లేచి నిలబడి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక, తీసుకున్న ముప్ఫై రూపాయల ఫీజు వెనక్కిచ్చేశారు. అదే మనిషి విద్యార్థిగా ఉన్నప్పుడు లండన్‌లో తానుండే బేస్‌వాటర్ పేటలో చిన్న శాకాహార క్లబ్బు పెట్టి, దానికి కార్యదర్శిగా పనిచేశారు. కొన్ని నెలలకే అది మూతపడింది. అయినా సంస్థలు నడపడంలో తనకి కాస్త శిక్షణ దొరికింది అక్కడేనని ఆత్మకథలో రాసుకున్నారు. మూతపడ్డ క్లబ్బు కూడా బడే అయింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి నేను ఏటా చెప్పే సంగతి ఇది. మాట్లాడటం నేర్చుకోవాల్సిందే, కానీ అది రాకముందు కూడా పని మొదలుపెట్టవచ్చు.

వర్క్‌షాపుల గురించి ఎక్కువ చెప్పను. ఏసీ హాల్లో ఆటలాడించి, సాయంత్రం ఫొటో తీసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత చేయడానికి ఒక పని అప్పగిస్తే అది పనికొస్తుంది. లేకపోతే ఈత పుస్తకం చదివినట్టే.

నాలుగో మాట, చదువు చెడుతుందన్నది. ఇదే తల్లిదండ్రుల అసలు టెన్షన్, కాబట్టి లెక్కలోనే చూద్దాం. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. క్యాంపు కాకుండా వాలంటీర్ ఏడాదికి ఇవ్వాల్సింది 120 గంటలు. అంటే రోజుకి ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలకి డిగ్రీ పోదు.

ఎన్నికల విషయంలో భయానికి కారణం ఉంది, దాన్ని తోసిపుచ్చను. 1972 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని కత్తులతో పొడిచి చంపారు. ఆ తర్వాత కూడా కాలేజీల్లో కొట్లాటలు చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. కానీ ఆపేయడమొక్కటే మార్గం కాదు. విద్యార్థి ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు ఆమోదించింది. వాటి ప్రకారం అభ్యర్థి ఖర్చు 5 వేల రూపాయలు దాటకూడదు, అచ్చేసిన పోస్టర్లు వాడకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు. చదువు చెడుతుందనేవాళ్లు ఈ చివరి రెండు షరతులూ మరోసారి చూడాలి. చదవనివాడు నామినేషనే వేయలేడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి.

పోలియోతో చంకకర్రల మీద నడిచిన, తర్వాత కేంద్రమంత్రి అయిన జైపాల్ రెడ్డి ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు. వెంకయ్యనాయుడు ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. వాళ్ల రాజకీయాలు మనకి నచ్చాయా లేదా అన్నది వేరే మాట. తమ తోటివాళ్ల దగ్గరికి వెళ్లి ఓటు అడగడం విద్యార్థులుగా ఉన్నప్పుడే నేర్చుకున్నారు. ఇప్పుడు మా కాలేజీల్లో సీఆర్‌ని, అంటే క్లాసు ప్రతినిధిని, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఎంపిక చేస్తాడు, ఎక్కువ మార్కులొచ్చిన పిల్లాణ్ని చూసి. క్లాసు తరఫున అడగాల్సినవాడు సర్క్యులర్లు ఫార్వర్డ్ చేసేవాడిగా మిగిలిపోతున్నాడు. దీనికి నాకు నిజంగా బాధగా ఉంది.

చివరిది, కంపెనీ నేర్పుతుందని. మా పిల్లలు అందరూ కంపెనీలకి పోరు. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా యువత ఒక్కసారిగా ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మా పాత విద్యార్థులూ ఉన్నారు. పింఛను ఆగిపోయిందని నిలదీసే ముసలావిడకి ఏం చెప్పాలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారమే తెలియాలి. ఏ ట్రైనింగ్ మాన్యువల్ వచ్చేదాకానో ఆమె ఆగదు.

భోజనాలు చూసుకున్న అమ్మాయి నోట్‌బుక్ ఇప్పటికీ మా ఎన్‌ఎస్‌ఎస్ గది బీరువాలో ఉంది. ఏటా క్యాంపుకి ముందు కొత్త జట్టు దాన్ని తీసుకెళ్తుంది. మొదటి పేజీలో కిలోకి అయిదుగురు అన్న లెక్క అలాగే ఉంది. దాని కింద నిరుడు ఎవరో వేరే సిరాతో రాశారు: "ఊరి పిల్లలు కూడా తినడానికి వస్తారు, రెండు కిలోలు ఎక్కువ పోయండి."