సవరణ: చైనీస్ షార్ట్ టర్మ్ కోర్సులకి ఏ వీసా?
చైనా యూనివర్సిటీలో భాష నేర్చుకోవాలంటే ఎక్స్-1 అనే స్టూడెంట్ వీసా, జేడబ్ల్యూ-202 ఫారం (విదేశీ విద్యార్థుల వీసా కోసం ఇచ్చే పత్రం) తప్పనిసరని మొన్నటి పోస్టులో ఉంది. ఆ రెండూ 180 రోజులు దాటే చదువులకి. నాలుగు వారాల వేసవి కోర్సుకి ఎక్స్-2 అనే షార్ట్ టర్మ్ స్టూడెంట్ వీసా చాలు. దానికి యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ లెటరే ప్రాణం. ఎక్స్-1 వాళ్లు అక్కడ దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి (అక్కడ ఉండటానికి అనుమతి) అప్లై చేయాలి, ఎక్స్-2కి ఆ తతంగం లేదు.

శ్రీకాకుళం నుంచి అడిగినవాళ్లకి అసలు టెన్షన్ వీసా కాదు, ఇంటిపేరు! టెన్త్ మెమోలో ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. అప్లికేషన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. స్పేసు కూడా చూసుకోండి. మెమో స్పెల్లింగ్‌తో లెటర్ వస్తే వీసా దగ్గర చిక్కే.

తైవాన్ వెళ్లేవాళ్లకి ఈ వీసాలేవీ వర్తించవు.