పోస్టర్ ఉండగా మనిషెందుకు?

టీకాల మీద జనానికి నమ్మకం కలగాలంటే పోస్టర్‌ను మించిన సాధనం లేదని మన ఆరోగ్య శాఖలు ఏనాడో కనిపెట్టాయి. అభినందించాల్సిందే. పోస్టర్‌కు జీతం లేదు, టీఏ డీఏలు లేవు, సమ్మె చేయదు. అన్నిటికంటే మించి, ఎవరేమడిగినా నోరు విప్పి కొంప ముంచదు.

దాన్ని అంటించే చోటు చూడండి. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో, సరిగ్గా టీకాలు వేసే గదిలోనే. బుధవారమో శనివారమో బిడ్డను చంకనేసుకుని, కార్డు పట్టుకుని వరుసలో నిలబడ్డ తల్లికి "తప్పక టీకా వేయించండి" అని బోధిస్తుంది. గుడికొచ్చిన భక్తుణ్ణి గుడికి రమ్మన్నట్టు. రానివాడు ఇంట్లో కూర్చుని వాట్సాప్ చూసుకుంటున్నాడు. వాడి జోలికి పోస్టర్ పోదు. మర్యాద తెలిసిన వస్తువు.

ఇక బొమ్మ. పైన పెద్ద నాయకులు, వారి కింద చిన్న నాయకులు, మిగిలిన జానెడు జాగాలో బొద్దుగా నవ్వే పాప. ఆ పాపకు సూది గుచ్చిన జాడే ఉండదు.

అసలు పాపల సంగతి వేరు. ఆరో వారంలో ఎడమ తొడకు పెంటావాలెంట్ అనే ఐదు జబ్బుల టీకా వేస్తారు. ఆ రాత్రి కొందరు పిల్లలకు ఒళ్లు కాలుతుంది, సూది పడ్డచోట గడ్డకట్టినట్టవుతుంది, తాకితే గుక్కపట్టి ఏడుస్తారు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోయే మామూలు విషయమే. కానీ పోస్టర్ మీద ఆ ముక్క వేస్తే జనం జడుసుకుంటారట. అందుకని ముందు చెప్పకుండా, అర్ధరాత్రి జడుసుకోనిస్తాం. తెల్లారేసరికి నాయనమ్మ అరుగు మీద చేరి, "నిక్షేపంలాంటి పిల్లాడికి జరం తెప్పించింది ఆ నర్సమ్మ!" అంటుంది. ఆ తిట్లు తినేది ఏఎన్ఎం. పారాసిటమాల్ ఎన్ని చుక్కలు వేయాలో చెప్పేది ఆమె. నాలుగు వారాలకు రెండో డోసంటూ మళ్లీ అదే గడప తొక్కాల్సిందీ ఆమే. పోస్టర్ ఫ్యాన్ గాలికి హాయిగా ఊగుతూ ఉంటుంది.

పోస్టర్ పరువు తీసిన సందర్భాలూ లేకపోలేదు. మశూచి రోజుల్లో సిబ్బంది పొక్కులు పోసిన బిడ్డ ఫొటో కార్డు పట్టుకుని ఊరూరా తిరిగి, "ఇలాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా?" అని వాకబు చేశారు. కేసు చూపిస్తే బహుమతి అన్నారు. 1975 నాటికి అది వెయ్యి రూపాయలు. 1977లో మశూచి పోయిందన్నారు గానీ, గోడకుండాల్సిన బొమ్మను మనిషి చేతికివ్వడం ఏం పద్ధతి?

పోలియోకూ ఇదే వరస. అమితాబ్ బచ్చన్ అంతటివాడు చుక్కలు వేయించమన్నా, ఉత్తరప్రదేశ్‌లో కొన్ని పేటల్లో "ఆ చుక్కలతో పిల్లలు పుట్టరు" అన్న పుకారు చావలేదు. అప్పుడు ఆ పేటల ఆడవాళ్లనే ఇంటింటికీ పంపారు, ఇమాములతో చెప్పించారు. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడ్డదే దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన చివరి కేసు. ఘనతంతా మనుషులు కొట్టేశారు.

కనుక ఈసారి బడ్జెట్‌లో ఆశాల పారితోషికం లాంటి చిల్లర విషయాలు పక్కనపెట్టి ఆర్ట్ పేపర్ మందం పెంచాలని మనవి. పాత పోస్టర్ మీద కొత్తది అతికించే పని ఏఎన్ఎం చూసుకుంటుంది. మైదా జిగురు డబ్బా వ్యాక్సిన్ క్యారియర్ పక్కనే పడుతుంది. అతికించాక పోస్టర్‌తో సెల్ఫీ దిగి, సాయంత్రం ఐదులోపు గ్రూపులో పెట్టాలి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి.