కుడికాలి అలవాటు

పాత బండి కొన్నవాళ్లందరూ మొదటిరోజు ఒకే మాట అంటారు: "పెద్దగా పనేం లేదు, కాస్త శుభ్రం చేస్తే చాలు." మా బావ కూడా అదే అన్నాడు. అన్న సమయానికి బండి మూడు అట్టపెట్టెల్లోనూ ఒక ప్లాస్టిక్ బకెట్లోనూ ఉంది. ఫ్రేము గోడకి ఆనించి ఉంది. హ్యాండిల్ మా అక్క చేతిలో ఉంది, ఎందుకంటే దింపేటప్పుడు "ఇది ఒక్క నిమిషం పట్టుకో" అని బావ ఆవిడకి అప్పగించి మరిచిపోయాడు.

"ఇదేంటండీ?" అంది అక్క.

"మోటార్‌సైకిలు."

"ఎక్కడ?"

బావ నొచ్చుకున్నాడు. అది మామూలు మోటార్‌సైకిలు కాదు. 1966లో తయారైన డుకాటీ మోంజా. సిలిండరు బోరు, అంటే లోపలి వెడల్పు, 74 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే అందులో పిస్టన్ కదిలే దూరం, 57.8 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు. పార్సెల్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడికి కూడా తెలుసు. సంతకం పెట్టించుకుని వెళ్లబోతుంటే ఆపి మరీ చెప్పాడు బావ. ఆ కుర్రాడు ఆ తర్వాత పార్సెళ్లు గేటు మీంచే లోపలికి జారవిడిచి వెళ్లిపోయేవాడు.

నాకు మాత్రం అలా వెళ్లిపోయే వీల్లేదు, బావమరిదిని కదా. టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం నాకు పుట్టుకతో వచ్చింది.

బావ చెప్పగా చెప్పగా ఆ కంపెనీ చరిత్రంతా నాకు కంఠతా వచ్చేసింది. 1926లో ఇటలీలోని బొలోన్యాలో రేడియో విడిభాగాలు చేసుకుంటూ మొదలైంది. యుద్ధం అయ్యాక, 1946లో, సైకిలుకి తగిలించుకునే చిన్న ఇంజనుతో బళ్లలోకి దిగింది. 1954లో ఫాబియో టాలియోనీ అనే ఇంజనీరు వచ్చి చేరాడు. ఇక్కడికొచ్చేసరికి బావ గొంతు మారిపోయేది. "టాలియోనీ గారు" అనేవాడు. మా నాన్నని కూడా ఉత్త "మామయ్య" అనే పిలుస్తాడు తప్ప ఏనాడూ గారు తగిలించలేదు. అక్క ఈ సంగతి గమనించి ఎక్కడో రాసిపెట్టుకుందని నా అనుమానం.

ఈ ఇంజను గొప్పదనమేంటంటే, వాల్వుల్ని నడిపే క్యామ్ షాఫ్టు పైన సిలిండరు హెడ్డులో ఉంటుంది. దాన్ని తిప్పడానికి చెయిన్ ఉండదు. ఇంజనుకి కుడిపక్కన నిలువుగా ఒక కడ్డీ, దానికి కిందా పైనా కోసుగా చెక్కిన పళ్లచక్రాలు. చూడ్డానికి నగలా ఉంటుంది. విప్పడానికి సరదాగా ఉంటుంది. మళ్లీ బిగించే విషయం తర్వాత చెప్తాను.

ముందు విప్పటం. బావ పద్ధతైన మనిషి. ప్రతి ముక్కనీ ఫోటో తీసి, చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన మార్కరుతో పేరు రాసేవాడు. వెనక చక్రం ఇరుసు. క్లచ్ ప్లేట్లు. హెడ్డు నట్లు. ఆ పద్ధతి ఎంత బాగుందంటే నేను కూడా మెచ్చుకున్నాను. పెట్రోలుతో కడిగిన చేతులతో ఆ సంచుల్ని పట్టుకుంటే మార్కరు రాత చెరిగిపోతుందని అప్పటికి మా ఇద్దరికీ తెలీదు. చివరికి అన్ని సంచుల్లోకీ పెద్దది ఒకటి మిగిలింది. దాని మీద బావ స్వహస్తాలతో రాసిన మాట మాత్రం చెరగలేదు: "ఇవి దేనివో తర్వాత చూద్దాం."

పిస్టన్ పిన్ను కదలకుండా రెండు పక్కలా చిన్న సర్‌క్లిప్పులుంటాయి. స్ప్రింగు ఉక్కుతో చేసిన తీగముక్కలు. వాటిని తీసేముందు కింద ఇంజను నోట్లో గుడ్డ కుక్కాలి, లేకపోతే లోపల పడుతుంది. బావ గుడ్డ కుక్కాడు. చాలా మంచి పని. క్లిప్పు కిందికి పోలేదు, పైకి పోయింది. ఠంగుమని ఒక శబ్దం, తర్వాత ఎక్కడో దూరంగా ఇంకోటి. ఆ రాత్రి మేం మోకాళ్ల మీద తిరుగుతూ, దారానికి అయస్కాంతం కట్టి, ఇల్లంతా వెతికాం. అక్క పోగొట్టుకున్న చెవి దుద్దు శీలొకటి దొరికింది. బావ దాన్ని చూసి "ఇది కాదు" అని పక్కన పారేశాడు. దుద్దు పోయినప్పుడు ఇందులో సగం వెతికినా బాగుండేదని అక్క అన్న మాటలో న్యాయం ఉంది.

అసలు కథ వంటింట్లో జరిగింది.

ఇంజను కింది పెట్టె, అంటే క్రాంక్ కేసు, అల్యూమినియంది. అందులో కూర్చున్న బేరింగు ఉక్కుది. వేడిచేస్తే అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. కాబట్టి సుత్తితో బాదక్కర్లేదు. కేసుని నూటిరవై డిగ్రీల దాకా సమంగా వేడిచేసి బోర్లిస్తే పాత బేరింగు తనంతట తానే ఊడిపడుతుంది. కొత్త బేరింగుని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, వేడి కేసులో వదిలితే దానంతటదే కూర్చుంటుంది. పద్ధతి నూటికి నూరుపాళ్లూ సరైంది. చిక్కల్లా ఒకటే. సమంగా వేడిచేసే సాధనమూ, రాత్రంతా చల్లబరిచే సాధనమూ రెండూ అక్క అధీనంలో ఉన్నాయి.

బావ అక్క బయటికెళ్లే రోజు కోసం కాచుకున్నాడు. కేసుని మూడుసార్లు కడిగాడు. కానీ అరవై ఏళ్ల ఆయిలు మూడు కడుగులకి పోయేది కాదు. ఏ మూల సందుల్లోనో, ఏ బోల్టు రంధ్రాల అడుగునో దాక్కుని ఉంటుంది. ఓవెన్ తొంభై దాటేసరికి అది బయటికి రావడం మొదలైంది. ముందు వాసన, వెనక పొగ. పొగతోపాటు పక్కింటాయన వచ్చాడు. "ఏమైనా తగలబడుతోందా?" అని అడిగాడు.

"లేదండీ, బేరింగు" అన్నాడు బావ.

పక్కింటాయన చాలాసేపు ఆలోచించి వెళ్లిపోయాడు.

సరిగ్గా బేరింగు టక్కుమని ఊడిపడే క్షణంలో అక్క లోపలికొచ్చింది. బావ ముఖంలో ఆనందం, చేతులకి అక్క పూల బొమ్మల గ్లౌజులు, గ్లౌజుల్లో నల్లటి ఇనుప సామాను. అక్క ఏమీ అనలేదు. నేరుగా వెళ్లి ఫ్రీజర్ తెరిచింది. ఆవిడకి ఎలా తెలిసిందో నాకిప్పటికీ అర్థంకాదు. ఐసు ట్రే పక్కన, శుభ్రంగా సంచిలో చుట్టి, కొత్త బేరింగు.

"దీన్ని ఎప్పుడు బయటికి తీస్తారు?"

"ఇప్పుడే! కేసు చల్లారకముందే పెట్టెయ్యాలి. తొందరగా అందుకో!"

పాపం, ఆ మాట సాంకేతికంగా సరైందే. అక్క అందించింది కూడా. బేరింగు వెన్నలా దిగింది. బావ "చూశావా!" అన్నాడు. ఆ తర్వాత ఓవెన్లో ఏం వండినా అందులో గేరాయిలు వాసన వచ్చేది. ఇంట్లో వాళ్లం అలవాటు పడ్డాం. చుట్టాలు పడలేదు, రావడం తగ్గించారు. దీన్ని బావ బండి వల్ల కలిగిన లాభాల్లో రాసుకున్నాడు.

ట్యాంకు గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది ఇంకా పూర్తిగా తేలలేదు. లోపలంతా తుప్పు. గుప్పెడు నట్లు లోపల పోసి బాగా కుదిపితే మందపాటి తుప్పు రాలుతుంది. బావ లెక్కపెట్టి మరీ నలభై పోశాడు. ముప్పై తొమ్మిది బయటికొచ్చాయి. ట్యాంకు కడుపు మధ్యలో, ఫ్రేము గొట్టం మీద కూర్చోవడానికి, ఒక వంపు ఉంటుంది. ఆ నలభయ్యోది ఆ వంపు పక్కన ఎక్కడో కాపురం పెట్టింది. కనపడదు, వినపడుతుంది. "వదిలెయ్యండి, హారన్ ఖర్చు కలిసొస్తుంది" అంది అక్క.

మిగిలిన తుప్పుకి బట్టల సోడా కలిపిన నీళ్లు, ఒక ఇనుప కడ్డీ, ఒక బ్యాటరీ చార్జరు. మైనస్ తీగ ట్యాంకుకి, ప్లస్ తీగ కడ్డీకి. తారుమారైతే తుప్పుకి బదులు ట్యాంకే కరుగుతుంది. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కనక ఆరుబయటే చెయ్యాలి. ఇన్ని జాగ్రత్తలూ బావ తు.చ. తప్పకుండా పాటించాడు. స్టెయిన్‌లెస్ కాని గరిటె మా ఇంట్లో ఒక్కటే ఉండేదని చెప్తే మిగతాది మీరే ఊహించుకోగలరు.

ఇక బిగింపు. కోసు పళ్లచక్రాలు ఒకదాంతో ఒకటి కలిసేచోట సందు సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే ఇంజను కటకటలాడుతుంది, తక్కువైతే మూలుగుతుంది, తొందరగా అరిగిపోతుంది. ఆ సందు సరిచేయడానికి వాటి వెనక షిమ్ములు పెడతారు. అంటే కాగితంలాంటి ఉక్కు రింగులు. కొన్ని పది మైక్రోమీటర్ల తేడాతో కూడా దొరుకుతాయనీ, తను తెప్పించినవాటిలో ఒకటి మిల్లీమీటరులో పదోవంతు మందం మాత్రమే ఉందనీ బావ గర్వంగా చూపించాడు. చూపించాక అది కనపడలేదు.

షిమ్ము పోవడమంటే క్లిప్పు పోవడం లాంటిది కాదు. శబ్దం రాదు. ఆయిలు పూసి ఉంటుంది కనక ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. బల్ల కింద చూశాం, చెప్పుల అడుగున చూశాం. చివరికి బావ ఇంజనంతా మళ్లీ విప్పాడు, లోపల పడిందేమోనని. బల్ల మీద అన్నీ పరిచాక అక్క వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని తిప్పి, అక్కడ అంటుకున్న రింగు ఒలిచి బావ చేతిలో పెట్టింది.

"పొద్దుటి నించీ చూస్తున్నాను, వీడు కొత్తగా ఏదో ఫ్యాషన్ మొదలెట్టాడనుకున్నా" అంది.

అలా విప్పడం, బిగించడం, చెవికి స్క్రూడ్రైవరు ఆనించుకుని వినడం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ విప్పడం. మధ్యలో బావ రాత్రిళ్లు ఇమోలా సంత వీడియోలు చూసేవాడు. ఇటలీలో రేసులు జరిగే ఆ ట్రాకు మీదే ఏటా సెప్టెంబరులో పాత బళ్ల సామాన్ల సంత జరుగుతుంది. నేల మీద గుడ్డ పరిచి కార్బురేటర్లు, హెడ్‌లైట్లు, ఎవరి బండివో తెలీని సైలెన్సర్లు పోగులు పెడతారు. అక్క టీవీలో సీరియల్ చూస్తుంటే పక్కనే బావ ఫోన్లో ఆ పోగులు చూసి కళ్లు తుడుచుకునేవాడు. ఎవరి కన్నీళ్లు దేనికో చూసేవాళ్లకి తేలేది కాదు.

చూడ్డానికొచ్చిన కుర్రాళ్లు మాత్రం ఒకే ప్రశ్న వేసేవాళ్లు: "అంకుల్, ఇది డెస్మోనా?" డెస్మో అంటే వాల్వుని తెరవడమే కాదు, మూయడం కూడా స్ప్రింగులతో పని లేకుండా క్యామే చేసే ఏర్పాటు. టాలియోనీ 1956లో రేసుబండికి పెట్టాడు. రోడ్డు మీద తిరిగే ఒంటి సిలిండరు బళ్లకి 1968లో గానీ రాలేదు. మోంజాకి మామూలు స్ప్రింగులే. బావ ముఖం చిన్నబోయేది. "స్ప్రింగులతోనే అసలు అందం" అనేవాడు, ఎవరూ నమ్మకపోయినా.

మొత్తానికి బండి నిలబడింది. ఎర్రటి రంగు, అద్దంలా మెరిసే అల్యూమినియం. కార్బురేటరు మీద చిన్న బొత్తాం నొక్కి పట్టుకుంటే పెట్రోలు పొంగుతుంది, అప్పుడు కిక్కు కొట్టాలి. కిక్కు ఎడమ పక్కన ఉంటుంది. ఎడమకాలికి అంత బలం ఉండదు కనక చాలామంది బండి దిగి, పక్కన నిలబడి, కుడికాలితో కొడతారు. బావ అలా కొట్టాడు. నేను కొట్టాను. పక్కింటాయన వచ్చి, ఈసారి ఏమీ అడక్కుండా, ఆయన కూడా కొట్టాడు. ఆయన కొట్టినప్పుడే అంటుకుంది. పిస్టన్‌కి పూసిన ఆయిలు కాలి పెరడంతా తెల్లటి పొగ. ఆ పొగలోంచి ఒక నిండైన, గుండ్రటి చప్పుడు. అక్క కూడా బయటికొచ్చి నిజంగానే "బావుందండీ" అంది. ఆ ఒక్కమాటే కొంప ముంచింది.

బావ ఎక్కేశాడు.

"ముందు చక్రం బ్రేకు తీగ ఇంకా రాలేదన్నారుగా?" అంది అక్క.

"పెరట్లో ఒక్క చుట్టు. వెనక బ్రేకు ఉందిగా."

ఉంది. ఎడమకాలి కింద ఉంది. ఆ రోజుల్లో ఇటలీ బళ్లలోనూ ఇంగ్లండు బళ్లలోనూ గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండటం మామూలే. 1970ల మధ్యలో అమెరికా గేరు ఎడమ పక్కనే ఉండాలని నిబంధన పెట్టాక ఆ అమరికే అందరిదీ అయింది. ఈ విషయం మీద బావ నాకు గంటసేపు పాఠం చెప్పాడు. పరీక్ష పెడితే ఆయనకే ఫస్టు మార్కు.

పెరడు కాస్త వాలుగా ఉంటుంది. బండి మొదటి గేరులో హుందాగా బయల్దేరింది. ఎదురుగా దండెం, దండెం మీద తడి దుప్పట్లు. బావ క్లచ్ పట్టి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ కుడికాలు నొక్కాడు. గేరు పడింది. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఇంకో గేరు పడింది. "ఆగవే, ఆగవే" అంటూ తొక్కుతున్నకొద్దీ బండి అంత వినయంగానూ గేర్లు మార్చుకుంటూ వాలులో వెళ్లిపోయి, నీలం పూల దుప్పటి కప్పుకుని, కంచె చెట్లలోకి దూరి ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు. లోపలి నించి నలభయ్యో నట్టు కూడా వినపడుతోంది.

మేం పరుగెత్తుకెళ్లి దుప్పటి తీశాం. బావకి దెబ్బలేం తగల్లేదు, జుట్టులో ఆకులున్నాయంతే. దుప్పటి మీద మాత్రం చెయిన్ గ్రీజుతో లింకు లింకూ లెక్కపెట్టుకునేలా అచ్చు పడింది.

"బ్రేకు ఎటుందో తెలీదా మీకు?" అంది అక్క.

"నాకు తెలుసు. నా కాలికి తెలీదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బావ తలలోంచి ఒక పుల్ల తీసి పారేసి, ఉన్నట్టుండి వెలిగిపోయాడు.

"ఒరేయ్, గమనించావా? అయిదు గేర్లూ పడుతున్నాయిరా!"

అక్క దుప్పటి మడతపెడుతూ అంది: "ఆరోది పెట్టనందుకు ఆ టాలియోనీ గారికి ఒక దణ్ణం పెట్టుకోండి."